మూడో సీసా

కంబదూరు ప్రాంతంలో ఒక జూనియర్ కాలేజీ. అక్కడి కెమిస్ట్రీ సారు ఆ రోజు పరీక్షలో రాని ప్రయోగం ఒకటి పెట్టుకున్నాడు. రికార్డులో రాసుకుని మరిచిపోయే అంశమాపనం ఆయనకు నచ్చదు. పిల్లలు రోజూ తాగే నీళ్లనే బ్యూరెట్టు కిందికి తేవాలన్నది ఆయన పట్టుదల.

ఈ పట్టుదలకు కారణముంది. ఈ మెట్టసీమలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. చెరువు నిండే ఏడాది అరుదు, మిగతా ఏళ్లన్నీ బోరే దిక్కు. వందల అడుగుల లోతున రాతి పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలిచిన నీళ్లలోకి రాతిలోని ఉప్పులు దిగుతాయి, బైకార్బొనేట్లు పెరుగుతాయి. సోడియం బైకార్బొనేటు ఎక్కువై కాల్షియం తగ్గిన నీళ్లలోకి ఫ్లోరైడు ఇంకా సులువుగా చేరుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లను ఏళ్లపాటు తాగితే ముందు పళ్ల మీద పసుపు గార, ఆ తర్వాత కీళ్లు, వెన్నెముక బిగుసుకుపోవడం. మన దేశంలో ఈ జబ్బు సంగతి మొదట వైద్యపత్రికలకెక్కింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. ఇన్నేళ్లయినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్లలు రాయలసీమ బళ్లలో ఇంకా ఉన్నారు. అందుకే కూలి డబ్బుల్లోంచి తీసి అయినా సరే, జనం ఇరవై లీటర్ల క్యాను కొంటున్నారు. ఆర్ఓ పొర గుండా పోయిన నీళ్లలో ఫ్లోరైడు, బైకార్బొనేటు రెండూ చాలావరకు ఆగిపోతాయి.

బల్ల మీద రెండు సీసాలు పెట్టారు. ఒకటి కాలేజీ బోరుది. రెండోది స్టాఫ్ రూములోని క్యాను నుంచి పట్టింది. కాలేజీ అంతా ఆ క్యాన్ల నీళ్లే తాగుతుంది.

"ఇది ఫ్లోరైడును కొలిచే పరీక్ష కాదు. నీళ్లలో క్షారగుణం ఎంతుందో చెబుతుంది, అంతే. కానీ నీళ్లు ఆర్ఓలో పడినాయా లేదా అనేది దీనికి తెలిసిపోతుంది" అన్నాడు సారు. ఆయనకిష్టమైన కథ కూడా చెప్పాడు. 1756లో స్కాట్లండు వైద్యుడు ఫ్రాన్సిస్ హోమ్, బట్టలు చలువచేసేవాళ్లు కొనే క్షారపు బూడిదలో సరుకెంతో తేల్చడానికి అందులో ఆమ్లాన్ని చెంచాల లెక్కన పోస్తూ, పొంగు ఆగేదాకా ఎన్ని చెంచాలు పట్టాయో లెక్కపెట్టాడు. అంశమాపనానికి తొలి అడుగుల్లో అదొకటి. అంటే ఈ విద్య పుట్టింది మార్కుల కోసం కాదు, అంగట్లో సరుకు నిజమో కాదో తేల్చుకోవడానికి. ఈ మాట అన్నప్పుడల్లా ఆయన గొంతు కొంచెం పెద్దదవుతుంది.

బ్యూరెట్టు దగ్గరికి ఒక అమ్మాయిని పిలిచాడు. చెయ్యి కుదురైన పిల్ల. చుక్క చుక్కగా వదలడం, కన్నును ద్రవమట్టానికి సరిగ్గా తెచ్చి రీడింగు చూడడం ఆమెకు వచ్చినట్టు క్లాసులో ఇంకెవరికీ రాదు. క్యాను దగ్గర అందరూ గ్లాసు కోసం తోసుకుంటుంటే, తను ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలోవే తాగుతుంది. శుభ్రం తెలిసిన పిల్ల అని సారుకు మెప్పు.

కోనికల్ ఫ్లాస్కులో 50 మిల్లీలీటర్ల బోరు నీళ్లు. ముందు ఫినాఫ్తలీను వేస్తే రంగే రాలేదు. వెనక వరసలో ఒకడు "క్షారం లేదు సార్" అన్నాడు. "తొందరపడొద్దు. బైకార్బొనేటు ఫినాఫ్తలీనుకు చిక్కదు" అని సారు మిథైల్ ఆరెంజి రెండు చుక్కలు వేయించాడు. నీళ్లు పసుపుపచ్చగా మారాయి. బ్యూరెట్టులో 0.02 నార్మల్ హైడ్రోక్లోరికామ్లం. పడిన ప్రతి చుక్కా బైకార్బొనేటును కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మారుస్తూ పోతుంది. అదంతా అయిపోయాక పడే చుక్కకే రంగు తిరుగుతుంది. 24.6 దగ్గర నారింజ రంగొచ్చింది. ఇరవైతో గుణిస్తే లీటరుకు 492 మిల్లీగ్రాముల క్షారత. 200 దాకా మేలు, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా సరిపెట్టుకోవచ్చంటుంది భారత ప్రమాణం. ఈ నేలకు ఆ అంకె వింతేం కాదు.

తర్వాత క్యాను నీళ్లు. నాలుగు మిల్లీలీటర్ల లోపే తిరగాలి. అయిదు దాటింది, పది దాటింది. పిల్లలు బల్ల చుట్టూ మూగారు. ఇరవై దగ్గర ఫ్లాస్కు ఇంకా పసుపే. 24.6 దగ్గర తిరిగింది.

"మళ్లీ చెయ్ పాపా."

మళ్లీ అదే అంకె.

సారు అటెండరును పిలిచాడు. "సీసాలు తారుమారు చేసినావా?" అటెండరు తల అడ్డంగా ఊపాడు. పొద్దున్నే వచ్చిన క్యాను, మూత సీలు తనే తీశాడు. అయితే ఆమ్లమైనా పలచబడి ఉండాలి, బ్యూరెట్టు కొళాయైనా కారుతుండాలి. బోరు నీళ్ల లెక్క కూడా తప్పేనేమోనని సారు రెండు రీడింగుల మీదా ఎర్ర పెన్ను పెట్టబోయాడు.

"కొట్టేయొద్దండి సార్." అమ్మాయి తన సంచిలోంచి సీసా తీసింది. "ఈ నీళ్లు కూడా ఒక తూరి చూద్దాం. ఆమ్లం మంచిదో కాదో తెలుస్తుంది కదా."

తెలివైన మాట. సారు పక్కకు జరిగాడు. అదే బ్యూరెట్టు, అదే ఆమ్లం. కొళాయి తిప్పే చెయ్యి ఈసారి కొంచెం వణికింది. 1.9 దగ్గర ఫ్లాస్కు నారింజ రంగుకు తిరిగింది. ఇంకోసారి చేసింది. 1.9.

లెక్క కడితే 38. నిజంగా ఆర్ఓలో పడిన నీళ్లు. అంటే ఆమ్లం సరైనదే, కొళాయీ సరైనదే. తప్పు క్యానులోనే ఉంది. క్లాసు గుప్పుమంది. డబ్బులు తీసుకుని పిల్లలకు బోరు నీళ్లు పోస్తున్నాడెవడో! ఇన్నాళ్లూ తాగిందంతా గుర్తొచ్చి, ముందు వరస పిల్లవాడు చేతిలోని గ్లాసు కింద పెట్టేశాడు. సారుకు కోపమూ వచ్చింది, ఆ కోపంలోనే సంతోషమూ వచ్చింది. ఆయన చెప్పిన విద్య ఆయన కళ్ల ముందే పనిచేసింది మరి.

"ఈ నీళ్లు యాడివి పాపా?"

"మా ఇంట్లోవి సార్."

"ఏ ప్లాంటువి? ఈ క్యాన్లు ఈ పొద్దే మాన్పిస్తా. రేపట్నుంచి కాలేజీకి కూడా మీ ఇంటికొచ్చే ప్లాంటు నీళ్లే ఏయిద్దాం. ఆయప్ప ఫోన్ నంబరు తెచ్చియ్యి."

అమ్మాయి మూడు రీడింగులూ రికార్డులో ఎక్కించి, కింద సంతకం పెట్టి, పుస్తకం సారు ముందుకు తోసింది.

"కాలేజీకొచ్చేదీ ఆ ప్లాంటు క్యానే సార్. నంబరు దాని మీదే ఉండాది. మా నాయనది."