సోమలింగం పేటెంటు దరఖాస్తు

మా మేనల్లుడికి ఐడియా వచ్చింది. జ్వరమొస్తే మాత్ర ఉంది. ఐడియా వస్తే కన్సల్టెంటు ఉన్నాడు.

ఐడియా ఏమిటంటారా? గోదావరి జిల్లాల్లో అమ్మమ్మలు ఆవకాయ పెడతారు. డాలస్‌లో మనవలు ఆవకాయ లేక అల్లాడతారు. మధ్యలో ఒక వెబ్‌సైటు. కొత్తపల్లి కొబ్బరా, ఇంకో కాయా, వెల్లుల్లి వేయాలా వద్దా అన్నది మనవడు నొక్కుతాడు. జాడీ విమానం ఎక్కుతుంది. బాగానే ఉంది కదా? అమ్ముకుంటే నాలుగు డబ్బులొచ్చేవి. వీడు అమ్మలేదు. "ముందు పేటెంటు తీసుకోవాలి మామయ్యా. లేకపోతే అమెజాన్‌వాడు కొట్టేస్తాడు" అన్నాడు. అప్పటికి వెబ్‌సైటు లేదు. ఒక్క అమ్మమ్మనూ కలవలేదు. జాడీ కొనలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇప్పుడా సోమలింగానికి పేటెంటు కూడా కావాలట.

వాణ్ని తిట్టి ఏం లాభం? 22 ఏళ్ల కుర్రాడు. పొద్దున పేపరు తీస్తే మంత్రిగారి ఇన్నోవేషన్. మధ్యాహ్నం కాలేజీలో ప్రిన్సిపాల్‌గారి ఇన్నోవేషన్. రాత్రి ఫోన్ తెరిస్తే ప్రకటన: మీ ఐడియాకు పేటెంటు, 48 గంటల్లో ఫైలింగ్! ఇంతమంది గొంతు చించుకుంటున్నారే, చట్టంలో ఏం రాసుందో ఒక్కడైనా చెప్పడేం?

రాసింది ఒక్క వాక్యం. పేటెంట్ల చట్టం, 1970. సెక్షన్ 3(కె). గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, కంప్యూటర్ ప్రోగ్రామ్ 'పర్ సే', అల్గారిథమ్‌లు... ఇవేవీ ఆవిష్కరణలు కావు. 2002 సవరణతో వచ్చింది, 2003 నుంచి అమల్లో ఉంది. 'పర్ సే', అంటే 'దానంతట అదిగా' అన్న ఆ రెండు లాటిన్ ముక్కల అర్థం మీద లాయర్లు ఇన్నేళ్లూ వాదించుకుంటూనే ఉన్నారు. సరే, అది ప్రోగ్రామ్‌ల గొడవ. వ్యాపార పద్ధతికి ఆ తోక కూడా లేదు. కుదరదంటే కుదరదు. 2023లో ఢిల్లీ హైకోర్టు కూడా వ్యాపార పద్ధతుల మీద నిషేధం సంపూర్ణమేనని చెప్పింది. వెబ్‌సైటు పెట్టి సరుకు అమ్మడం వ్యాపార పద్ధతి కాకపోతే మరేమిటి, యోగాసనమా?

ఈ వాక్యం మంత్రిగారికి తెలియకపోవచ్చు. కన్సల్టెంటుకు తెలియదంటే నమ్మమంటారా?

అమీర్‌పేటలో ఆఫీసు. గోడ నిండా బంగారు రంగు సీళ్లున్న సర్టిఫికెట్లు. మూల ప్లాస్టిక్ మనీప్లాంటు. మా వాడు నోరు తెరవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఐడియా చెప్పకండి బ్రదర్! ముందు ఎన్డీయే మీద సంతకం చేద్దాం." రహస్యం బయటపెట్టనన్న ఒప్పందమట. ఎంత గోప్యత! మా వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతకాలయ్యాయి. అప్పుడు విన్నాడు. విని, కుర్చీలో వెనక్కి వాలి, "ఇది గ్లోబల్ బ్రదర్" అన్నాడు. ప్యాకేజీ 45 వేలు.

సొంత పేరు మీద ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే ప్రభుత్వానికి కట్టేది 1,600 రూపాయలు. పరీక్షించమని అడగడానికి మరో 4,000. "మిగతాది?" అన్నాను. "డ్రాఫ్టింగ్ సార్" అన్నాడు. డ్రాఫ్టింగ్‌కు డబ్బు తీసుకోవడం తప్పని నేననను. కష్టమైన పనే. రాదని తెలిసి తీసుకోవడం గురించే నా బాధ. నిజాయితీగల ఏజెంటు మొదటి ఐదు నిమిషాల్లోనే ఇది కాదని చెప్పి, పేరుకు ట్రేడ్‌మార్కు తీసుకో నాయనా అని పంపేస్తాడు. అలాంటి వాళ్లూ ఉన్నారు. వాళ్ల ఆఫీసుల్లో ఏసీ ఉండదు.

ఇక ఆ డ్రాఫ్టు! చదివి తీరాల్సిన సాహిత్యం. ఆవకాయ అన్న మాట మొత్తం మీద ఎక్కడా లేదు. 'ఊరవేసిన ఆహార పదార్థముల నిమిత్తము వినియోగదారు అభ్యర్థనను స్వీకరించి సరఫరాదారుతో జతపరచు వ్యవస్థ మరియు పద్ధతి' అట. అందులో ఒక ప్రాసెసరు. ప్రాసెసరుకు తగిలించిన ఒక మెమొరీ. వెనక ఒక బొమ్మ, అందులో డబ్బాలు, డబ్బాలకు అంకెలు. మనవడు 102. అమ్మమ్మ 104. జాడీ 106. పాపం, జీవితమంతా కారం కలిపిన చెయ్యి చివరికి 104వ నంబరు డబ్బా అయింది.

ఈ ప్రాసెసరు ఎందుకు దూరింది? 3(కె) గోడ దూకడానికి నిచ్చెన. కంప్యూటరు పక్కన నిలబెడితే కిరాణా కొట్టు కూడా టెక్నాలజీ అయిపోతుందని ఆశ. కన్సల్టెంటునే అనుకోకండి. ఇదే గోడకు సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వమే 2004 డిసెంబరులో ఆర్డినెన్సుతో కన్నం పెట్టింది. ప్రోగ్రామును హార్డ్‌వేరుతో కలిపితే పేటెంటు ఇవ్వొచ్చంది. 2005లో పార్లమెంటు ఆ కన్నం పూడ్చేసింది. 2021లో పార్లమెంటరీ స్థాయీ సంఘం 3(కె)ను మళ్లీ సమీక్షించమంది. గోడ ఎవరికి అడ్డమొస్తోందో మరి!

దరఖాస్తు చెన్నై ఆఫీసుకు వెళ్లింది. మన రెండు రాష్ట్రాలకూ అదే దిక్కు. నంబరుతో రసీదు వచ్చింది. మా అక్క పూతరేకులు పంచింది. మా వాడు 'పేటెంట్ పెండింగ్' అని లింక్డిన్‌లో పెట్టాడు. చప్పట్లే చప్పట్లు. రసీదుకు ఇంత పండగా? కరెంటు బిల్లు కడితే రసీదిస్తారు, సబ్‌స్టేషన్ మనదవుతుందా?

అసలు తమాషా 18 నెలలకు మొదలైంది. గడువు కాగానే దరఖాస్తును పేటెంటు ఆఫీసు ప్రచురిస్తుంది. అది చట్టం. ప్రపంచంలో ఎవరైనా చదువుకోవచ్చు, రుసుము కూడా లేదు. అంటే ఎన్డీయే మీద సంతకం చేయించి, తలుపులు మూసి, గుసగుసగా చెప్పిన రహస్యాన్ని బొమ్మలతో సహా దండోరా వేయించాం. దండోరా ఖర్చూ మనదే! ఆ పక్కనే పేటెంటు వస్తే సరే. అది ఎటూ రాదు. దొంగకు తాళం చెవి ఇచ్చి, ఇంటి పటం గీసి ఇచ్చి, కుక్కను కూడా కట్టేసినట్టు.

కాలేజీలకు ఈ 18 నెలలు ఆగే ఓపిక కూడా లేదు. తొందరగా ప్రచురించమని వేరే ఫారం ఉంది, ఫారం 9. రుసుము కడితే నెల తిరిగేలోపు అచ్చవుతుంది. ర్యాంకింగుల్లో ప్రచురించిన పేటెంట్లకూ లెక్క ఉంది మరి. పెళ్లిచూపులకే మార్కులేస్తే పెళ్లి ఎవడు చేసుకుంటాడు? పిల్ల తండ్రి కాఫీ ఇచ్చి పంపేసినా సరే, రిజిస్టరులో ఒకటి పడింది. విద్యాసంస్థలకు ఫీజులో 80 శాతం తగ్గింపు కూడా ఇచ్చారు. కానివ్వండి, ఎవడబ్బ సొమ్ము?

మా వాడి దరఖాస్తు మీద పరీక్ష నివేదిక వచ్చింది. సెక్షన్ 3(కె). "అందరికీ వస్తుంది బ్రదర్, రిప్లై వేద్దాం" అన్నాడు కన్సల్టెంటు. 15 వేలు. తర్వాత హియరింగు. దానికి ఇంకో పది. తర్వాత తిరస్కరణ. దానికి మాత్రం డబ్బు తీసుకోలేదు, పెద్ద మనసు.

"మరి అమెజాన్‌కు ఒక్క నొక్కుకే పేటెంటు ఎలా ఇచ్చారు మామయ్యా?" అన్నాడు మా వాడు. మంచి ప్రశ్న. అక్కడే ఉంది మంట.

ఒక్కసారి మీట నొక్కితే ఆర్డరు అయిపోవడం. అంతే ఆవిష్కరణ. 1997లో దరఖాస్తు పెట్టారు, 1999 సెప్టెంబరు 28న అమెరికా పేటెంటు ఆఫీసు నంబరు 59,60,411 వేసి చేతిలో పెట్టింది. నెల తిరగకముందే బార్న్స్ అండ్ నోబుల్ మీద దావా. డిసెంబరులో కోర్టు ఉత్తర్వు. పుస్తకాలు అమ్ముకునేవాళ్లు గతిలేక తమ సైటులో ఇంకో నొక్కు కలిపారు. కొనేవాడికి కష్టం పెంచితేగానీ చట్టం శాంతించలేదు! ఆ ఉత్తర్వును 2001లో పై కోర్టు కొట్టేసింది. కొట్టేస్తే ఏం? పండగ సీజను అయిపోయింది కదా.

జనం తిట్టిపోశారు. 2000 మార్చిలో అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగ లేఖ రాశాడు. సాఫ్ట్‌వేరు, వ్యాపార పద్ధతుల పేటెంట్లు మూడు నుంచి ఐదేళ్లే ఉండాలన్నాడు. ఆహా, ఏమి వైరాగ్యం! మరి తన పేటెంటును ఐదేళ్లకు వదిలేశాడా? అదే ఏడాది యాపిల్‌కు లైసెన్సు అమ్మాడు. 2017లో గడువు తీరేదాకా పట్టుకునే కూర్చున్నాడు. సన్యాసం పుచ్చుకుంటానన్నాడుగానీ ఎప్పుడన్నది చెప్పలేదు. ఈలోగా 2014లో ఆలిస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిందేమిటి? ఉత్త ఆలోచనను మామూలు కంప్యూటరులో పెడితే పేటెంటు రాదని. మన చట్టంలో పదకొండేళ్లుగా ఉన్న మాట.

మన దగ్గర యాహూకూ మా వాడి గతే పట్టింది. వెతుకులాట ఫలితాల్లో ముందు చోటును వేలం వేసే పద్ధతికి పేటెంటు అడిగితే, 2011లో చెన్నైలోని అప్పిలేట్ బోర్డు వ్యాపార పద్ధతేనంటూ పొమ్మంది. యాహూ అంతటిదానికి లేనిది, అమీర్‌పేట ప్యాకేజీలో ఉందా?

అయినా 3(కె) తీసేయాలి, కుర్రాళ్లకు అన్యాయం జరుగుతోందని కన్నీళ్లు పెట్టేవాళ్లను చూస్తుంటే నాకు నవ్వొస్తుంది. గోడ కూలితే ముందుగా లోపలికి నడిచేది మా వాడా? లాయర్ల దండున్న కంపెనీలా? 'ఊరగాయను దూరం నుంచి ఆర్డరు చేయు పద్ధతి' మీద అప్పటికే సియాటిల్‌లో ఎవడో సంతకం చేసి ఉంటాడు. రాజోలులో జాడీ కట్టే ముసలమ్మకు నోటీసు వస్తుంది. ఇన్నేళ్లు తన వంటింట్లోనే దొంగతనం చేస్తోందని ఆవిడకు అప్పుడు తెలుస్తుంది.

మొన్న కన్సల్టెంటు మళ్లీ ఫోన్ చేశాడు. మా వాడు స్పీకర్లో పెట్టాడు. "బ్రదర్, దిగులు పడకండి. అదే డ్రాఫ్టులో ప్రాసెసరు పక్కన ఏఐ అని కలిపి మళ్లీ వేద్దాం. పాత క్లయింటు కదా, 60 వేలు ఇవ్వండి చాలు."

జీఎస్టీ అదనమట.