నైరుతిలో దస్తావేజులు

పొద్దున్నే ఆరింటికి బాబాయి ఫోను. "ఒరేయ్, రాత్రి ఎవడో కంప్యూటర్లో దూరి నా సామానంతా సర్దిపోయాడ్రా!"

ఎత్తుకుపోయినా అంత బాధపడేవాడు కాదు. సర్దాడే, అదీ ఆయన ఏడుపు.

ఇలాంటి బాబాయి మీ ఇంట్లోనూ ఒకాయన ఉండే ఉంటాడు. మా బాబాయి ట్రెజరీ ఆఫీసులో ముప్పై ఏళ్లు కాగితాల కట్టల మధ్య బతికి రిటైరయ్యాడు. ఫైలు పేరు అడిగితే చెప్పలేడు. "మూడో బీరువా, కింది అర, ఎడమ పక్క" అంటాడు. వెళ్లి చూస్తే అక్కడే ఉంటుంది. కంప్యూటరు కొనిచ్చాక ఆ విద్యంతా దాని మీద చూపించాడు. పైగా వాస్తు. తెర పై అంచు ఉత్తరం. ఈశాన్యం మూల విష్ణు సహస్రనామం. ఆగ్నేయంలో గ్యాసు రసీదులు. నైరుతిలో బరువుండాలి కాబట్టి పొలం దస్తావేజులు. నట్టనడుమ వాల్‌పేపరుగా వెంకటేశ్వరస్వామి. ఆయన మీద ఒక్క ఐకానూ పడకూడదు.

పేర్లు మాత్రం అన్నిటికీ ఒకటే. న్యూ ఫోల్డర్, న్యూ ఫోల్డర్ 2, అలా 31 దాకా. పేరు పెట్టుకోవచ్చుగా అంటే, "చోటుండగా పేరెందుకురా?" అంటాడు. 1981లో జిరాక్స్ వాళ్లు స్టార్ అనే కంప్యూటర్ తెర మీద ఆఫీసు బల్లలా ఫోల్డర్లూ కాగితాలూ బొమ్మలు చేసి పెట్టారు. అదేదో పోలిక అని మనం సరిపెట్టుకున్నాం. బాబాయి నిజంగానే బల్ల అనుకున్నాడు.

వెళ్లి చూద్దును కదా, రాత్రి అప్‌డేట్ అయింది. ఐకాన్లన్నీ ప్రార్థనకి నిలబెట్టిన బడిపిల్లల్లా పడమటి గోడకి వరసకట్టాయి.

"తూర్పంతా ఖాళీ అయింది, వాస్తుకి మంచిదేగా బాబాయ్!"

ఒక్క క్షణం మెత్తబడ్డాడు. "మరి సహస్రనామం గ్యాసు రసీదుల కింద పడిందేంట్రా?"

రైట్ క్లిక్ కొట్టి, వ్యూలో ఆటో అరేంజ్ దగ్గర టిక్కు తీశాను. దాంతో పాత చోట్లు తిరిగి రావు, మన చేత్తో జరుపుకోనిస్తుంది, అంతే. ఇక మధ్యాహ్నం దాకా నేను ఒక్కో ఫోల్డరూ తెరవడం, ఆయన "ఇంకాస్త దక్షిణానికి" అనడం. ఒక్కదానికీ తడుముకోలేదు మహానుభావుడు.

నవ్వాను గానీ, మొన్న మా ఆవిడ పోపుల పెట్టెలో ఆవాల గిన్నె, మెంతుల గిన్నె అటూ ఇటూ మార్చినప్పుడు చారు చేదెక్కించి, పూటంతా మాట్లాడకుండా కూర్చున్నవాణ్ణి నేనే. "చూసి వెయ్యొచ్చుగా" అంది. చూసి వేస్తే ఇక చెయ్యి తిరగడం ఏముంది?

వచ్చేముందు నోరు జారాను. ఈ అప్‌డేట్లు 2003 నుంచీ నెలలో రెండో మంగళవారం వదులుతున్నారనీ, అమెరికాలో పొద్దునైతే మనకి రాత్రనీ చెప్పాను.

"మంగళవారమా! గోళ్లు కూడా తీసుకోం కదరా ఆ రోజు!"

ఇప్పుడు నెలనెలా ఆ మంగళవారం చీకటి పడగానే రౌటర్ తీసి బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాడు. సీరియల్ రావడం లేదని పిన్ని నాకు ఫోన్ చేస్తోంది.