అయిదు తొమ్మిదుల ఆసామి

ఆయన విజిటింగ్ కార్డు మీద 'సొల్యూషన్ ఆర్కిటెక్ట్' అని ఉంటుంది. ఫలానా షాపులో బిల్లింగ్ కంప్యూటరు నెమ్మదించిందని కబురు అందితే చాలు, మర్నాటికల్లా అక్కడ ప్రత్యక్షం. ఏ రిపోర్టు ఆలస్యమవుతోందో అడగడు. టేబుల్‌కు ఇండెక్స్ ఉందో లేదో చూడడు. మార్కర్ తీసి బోర్డు మీద మూడు డబ్బాలు గీసి, వాటి మధ్య బాణాలు పెట్టి, పైన ఒక మేఘం కూడా వేసి, రెండడుగులు వెనక్కి జరిగి ముచ్చటగా చూసుకుంటాడు.

"క్లస్టర్ సార్! ఒకటి పడిపోతే ఇంకోటి అందుకుంటుంది. ఫైవ్ నైన్స్!"

అయిదు తొమ్మిదులంటే 99.999 శాతం సమయం సిస్టమ్ నడుస్తూ ఉండటం. ఏడాది మొత్తానికి ఆగడానికి దొరికే గడువు అయిదు నిమిషాల పదిహేను సెకన్లు. మూడు తొమ్మిదులతో సరిపెట్టుకుంటే ఎనిమిది గంటల నలభై అయిదు నిమిషాలు. ఈ లెక్క ఆయనకు కంఠోపాఠం. ఎదుటివారి షాపు రోజూ రాత్రి పదింటికి షట్టర్ దించేసి పొద్దున పదింటిదాకా తెరవదన్న సంగతి మాత్రం అందులోకి రాదు.

2001లో ఒరాకిల్ 9ఐ డేటాబేసుతో పాటు రియల్ అప్లికేషన్ క్లస్టర్స్ బయటికొచ్చాక, అమీర్‌పేటలో ఆ కోర్సు చేసిన తరం ఆయనది. అప్పుడు అంటుకున్న మోజు ఇప్పటికీ దిగలేదు. మీకు బహుశా ఈ క్లస్టర్లు అక్కర్లేదు అనే అర్థం వచ్చే శీర్షికతో డెన్మార్క్ ఒరాకిల్ నిపుణుడు మోగెన్స్ నోర్గార్డ్ ఒక వ్యాసమే రాశాడు. మనవాడు ఆ వ్యాసం జోలికి పోలేదు. పోతే గిట్టుబాటు కాదు. ఒరాకిల్ ధరల పట్టికలో ఒక్కో ప్రాసెసర్ లైసెన్సుకు ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ 47,500 డాలర్లు, క్లస్టర్ కావాలంటే దాని మీద మరో 23,000, ఏటా సపోర్టు కింద 22 శాతం. బేరమాడితే తగ్గుతుంది, నిజమే. తగ్గాక కూడా స్వీటు షాపు యజమానికి కళ్లు తిరుగుతాయి.

అవును, స్వీటు షాపే. గోదావరి జిల్లాల్లో పన్నెండు బ్రాంచీలున్న ఒక యజమాని అనుకుందాం. బ్రాంచీకి రోజుకు 500 బిల్లులు, మొత్తం 6,000. పన్నెండు గంటల వ్యాపారంలో ఏడు సెకన్లకొక బిల్లు. పండగ సాయంత్రం దానికి పదింతలైనా సెకనుకు ఒకటిన్నర దాటదు. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వాళ్ల వెబ్‌సైటు 2015లోనే రోజుకు నాలుగైదు లక్షల హిట్లను విడిగా డేటాబేస్ సర్వరే లేకుండా, తమ ఎస్‌క్యూలైట్‌తోనే నెట్టుకొచ్చింది. ప్రోగ్రామర్లంతా ఎగబడే స్టాక్ ఓవర్‌ఫ్లోకు 2016 ఫిబ్రవరిలో ఒక్కరోజున వచ్చిన రిక్వెస్టులు దాదాపు 20 కోట్ల 90 లక్షలు. వాటి వెనక ఉన్న ఎస్‌క్యూఎల్ సర్వర్లు నాలుగంటే నాలుగు.

ఈ మాట ఎత్తితే ఆయన చటుక్కున రైలెక్కుతాడు. "తత్కాల్ చూడండి సార్!"

చూడాల్సిందే. పదింటికి ఏసీ, పదకొండింటికి స్లీపరు కోసం దేశమంతా ఒక్కసారిగా ఎగబడుతుంది. ఒక బెర్తు ఇద్దరికి అమ్ముడుపోకూడదు. రైల్వేవారి 'కాన్సర్ట్' రిజర్వేషన్ సాఫ్ట్‌వేరు 1994 సెప్టెంబరులో మొదట నడిచింది మన సికింద్రాబాదులోనే. 1999 ఏప్రిల్‌కల్లా ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలతో కలిపి అయిదు కేంద్రాలూ ఒక్కటయ్యాయి. యూపీఐ సంగతీ అంతే, 2025 ఆగస్టులో దాని లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. అలాంటి చోట్ల ఒక నిమిషం ఆగితే ఏమవుతుందో ఎవరైనా చెప్పగలరు. పూతరేకుల కౌంటరు దగ్గర ఆగితే ఏమవుతుందన్న ప్రశ్నను ఆయన ఇంతవరకు ఎవరినీ అడగలేదు.

ఆయన అసలు ప్రతిభ డెమోలో చూడాలి. అందరి ముందూ ఒక సర్వరు కేబుల్ పీకేస్తాడు. స్క్రీను ఓ క్షణం తటపటాయించి మళ్లీ నడుస్తుంది. చప్పట్లు! రెండు సర్వర్లూ ఒకే యూపీఎస్‌కు తగిలించి ఉన్నాయనీ, రెంటికీ ఉన్న డిస్కుల పెట్టె ఒక్కటేననీ ఆ చప్పట్లలో ఎవరికీ తట్టదు. రెండు నోడ్ల, అంటే ఆ సర్వర్ల, మధ్య మాటలు తెగిపోతే ఎవరికి వారే 'నేనే పెద్ద' అనుకుంటారని కూడా ఆయన చెప్పడు. దానికి విరుగుడుగా అవతలి నోడ్‌ను తలలో కాల్చెయ్యమనే పద్ధతి నిజంగానే ఉంది, పేరు స్టోనిత్. స్వీటు షాపులో ఇంత హింస దేనికి?

పెద్దవాళ్లకే ఇది ఒక్కోసారి కొరుకుడుపడదు. 2018 అక్టోబరు 21న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో నెట్‌వర్క్ లింకు 43 సెకన్లు తెగింది. ఆ కాస్త వ్యవధిలోనే ఆటోమేటిక్ ఏర్పాటు డేటాబేస్ పెత్తనాన్ని అమెరికా తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి బదిలీ చేసేసింది. రెండు తీరాల్లోనూ రాతలు వేరుపడ్డాయి. చక్కదిద్దడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

స్వీటు షాపులో ఈ మూడు డబ్బాల ముందు అడ్డంగా నిలబడేది పాత గుమాస్తాగారు.

"చూడండి బాబూ, సర్వరు ఆగితే బిల్లు పుస్తకాలున్నాయండి. నిరుడు రెండు గంటలు కరెంటు పోతే వాటి మీదే అమ్మాం. మా కుర్రాడెవడైనా పొరపాటున నెల లెక్కంతా తుడిచేశాడనుకోండి, మీ మూడు డబ్బాల్లో ఏది తిరిగిస్తుందండీ?"

ఏదీ ఇవ్వదు. తుడిచిందీ మార్పే కాబట్టి అది మూడింటికీ పాకుతుంది. గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు రెండో సర్వరనుకుని అసలు సర్వరులోనే దాదాపు 300 గిగాబైట్లు తుడిచేశాడు. అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఏదీ సరిగ్గా పనిచేయలేదు. ఆరు గంటల ముందు వేరే పనికి చేత్తో తీసిన ఒక కాపీ దొరకబట్టి, ఆ ఆరు గంటల డేటాతో పోయింది.

"మరి మా బ్యాకప్ ఒకసారి ఎక్కించి చూపిస్తారా?" అన్నాడు యజమాని.

"అది ఫేజ్ టూ సార్."

ఫేజ్ వన్ లేకుండానే ఫేజ్ టూ జరిగింది. నెమ్మదించిన రిపోర్టుకు ఇండెక్స్ పడింది, నిమిషాల పని క్షణాల్లోకి దిగింది. రోజూ రాత్రి బ్యాకప్ తీసి ఇంకో ఊరి బ్రాంచీకి పంపడం మొదలైంది. పక్కన ఒక మామూలు సర్వరు, అసలుది చెడితే చేత్తో మార్చుకునేందుకు. ఆ పనంతా మన ఆసామే చేశాడు, శుభ్రంగానే చేశాడు. ఇన్‌వాయిస్‌లో మాత్రం 'టూ నోడ్ ఎంటర్‌ప్రైజ్ హై అవైలబిలిటీ ఆర్కిటెక్చర్' అని రాసుకున్నాడు. గుమాస్తాగారు కళ్లద్దాలు సవరించుకుని దాన్ని రెండుసార్లు చదివి, ఖర్చుల పద్దులో 'స్టెప్నీ' అని ఎక్కించారు.