కత్తెర చూపిన మర్యాద

రాబర్ట్ కారో అనే విలేఖరి ఏళ్ల తరబడి తిరిగి, న్యూయార్క్ రోడ్లనూ వంతెనలనూ గుప్పిట్లో పెట్టుకున్న రాబర్ట్ మోజెస్ చరిత్ర రాసుకొచ్చాడు. పది లక్షల పైచిలుకు మాటలు. క్నాఫ్ సంస్థ ఎడిటర్ రాబర్ట్ గాట్లీబ్ గారు పక్కన కూర్చోబెట్టుకుని మరీ మూడున్నర లక్షలు తెగ్గోయించారు. ఒక్క సంపుటంగా బైండింగుకు లొంగదట! ఉన్న మాటల మధ్య సెమికోలన్ల కోసం ఇద్దరూ కేకలేసుకున్నారు. 1974లో వచ్చిన ఆ 'ద పవర్ బ్రోకర్' పులిట్జర్ కొట్టింది.

మూడు దశాబ్దాలకు అదే కత్తెర బిల్ క్లింటన్ గారి ముందుకెళ్లింది. మాజీ అధ్యక్షులవారు స్వహస్తాలతో నోటుబుక్కులు నింపుతూ పోయారు. 2004లో 'మై లైఫ్' 957 పేజీలతో దిగింది. న్యూయార్క్ టైమ్స్‌లో విమర్శకురాలు మిచికో కకుతాని దాన్ని ఉతికి ఆరేశారు. విలేఖరి రాతలో మూడోవంతు కొవ్వు పట్టేసిన కళ్లకు, అధ్యక్షుడి రాతంతా కండగానే కనబడింది కాబోలు!

గాట్లీబ్ గారు ఆషామాషీ మనిషి కాదు. జోసెఫ్ హెల్లర్ 'క్యాచ్-18' నవల 'క్యాచ్-22'గా మారింది ఆయన బల్ల మీదే. లారెన్ బకాల్, క్యాథరిన్ హెప్బర్న్ స్వోత్కర్షలను అచ్చుకెక్కించిందీ ఆయనే. తారల సొంతడబ్బా వినీ వినీ, చివరికి తానే కలం పట్టారు.

ఎవరి మీదంటారా? తిరిగి ఫోన్ చేయలేనివాళ్ల మీద. 2010లో సారా బెర్నార్. పుట్టిన తేదీ, తండ్రి పేరు ఇవాళ్టికీ తేలని, శవపేటికలో పడుకుని ఫొటో దిగిన నటి. ఆవిడ చెప్పినవాటిలో ఏది నిజమో ఏది కోతో ఏరుకోవడమే పని. 2021లో గ్రెటా గార్బో. 36వ ఏట సినిమాలు మానేసి, 1990లో పోయేదాకా పత్రికలకు మొహం చాటేసిన మనిషి. ఆవిడ మీద నాలుగొందల పేజీల పైన పుస్తకం! బొమ్మలే 250 దాకా. అవీ చాలక, గార్బో గురించి ఎవరెవరో రాసిన ముక్కలన్నీ ఏరి వెనక ప్రత్యేకంగా ఒక భాగం కుట్టారు. కోతల మేస్త్రీ కుట్టుపనిలోకి దిగితే అంతే మరి.

పెదవి కదపకపోయినా ఇన్ని పేజీలు దక్కుతాయని ముందే తెలిస్తే, క్లింటన్ గారి చేతికి అంత నొప్పి తప్పేది.