నా పేరే నాకు అడ్డం

మాది పర్ణశాల. సీతమ్మ చీరలు ఆరేసుకుందని చెప్పే వాగుకు కూతవేటు దూరంలో ఇల్లు. గోదావరి ఎగదన్నితే వాగు కూడా పొంగి ఒడ్డునున్న విగ్రహాలు మునుగుతాయి. భద్రాచలంలో 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక అని టీవీలో చెబుతారు, మా వాగు సంగతి ఎవరు చెబుతారు? అందుకే కల్వర్టు కింద ఈఎస్‌పీ32 బోర్డు, నీటిమట్టం చూసే సెన్సర్ కట్టాను. వానాకాలమంతా పది నిమిషాలకోసారి కొలత రాసుకుంది. అంతవరకు బుద్ధిగానే ఉన్నాను.

దసరాకు బోర్డు ఇంటికి తెచ్చాక కొమ్ములొచ్చాయి. కరెంటు ఇవ్వగానే బూట్‌లోడర్, అంటే బోర్డును నిద్రలేపే మొదటి ప్రోగ్రామ్, నా పేరు పలకాలట, పైన అక్షరాలతో గీసిన విల్లంబు కూడా!

ఆ బోర్డులో 4 ఎంబీ ఫ్లాష్ మెమరీ, కొలతలు కూడా అందులోనే. బూట్‌లోడర్ 4096వ బైటు దగ్గర మొదలవుతుంది. 32768 దగ్గర పార్టిషన్ టేబుల్, అంటే ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పహాణీ. మధ్యలో బూట్‌లోడర్‌కు దక్కేది 28 కేబీ. నా విల్లు, నా పేరు, నేను తెరిచిపెట్టిన లాగ్ సందేశాలు కలిసి 30 దాటాయి. పట్టదని బిల్డ్ మొత్తుకుంది. ఆ తనిఖీనే తీసేసి, బూట్‌లోడర్ ఒక్కటీ ఎక్కించాను. పర్ణశాలవాడికి గీత గురించి వేరే చెప్పాలా? సీతమ్మ భిక్ష వేయడానికి దాటింది, నేను పేరు కోసం.

బూట్‌లోడర్ వెళ్లి పహాణీ మీద కూర్చుంది. బోర్డు లేస్తుంది, నా పేరు చెబుతుంది, టేబుల్ దొరక్క మళ్లీ మొదటికొస్తుంది. స్క్రీన్ నిండా నేనే.

అప్పటికైనా పాత బూట్‌లోడర్‌ను, 4 కేబీ టేబుల్‌ను తిరిగి రాస్తే సరిపోయేది. కొలతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కంగారులో ఫ్లాష్ మొత్తం చెరిపేశాను. చెరిపిన ఫ్లాష్‌లో ప్రతి బిట్టూ ఒకటే. వానాకాలం మొత్తం ఒకట్లయిపోయింది.

"ఏరా, ఈ ఏడు వాగు ఎంతదాకా వచ్చింది?" అన్నాడు బాబాయ్.

"చెరిగిపోయింది బాబాయ్."

"వాగా?"

కల్వర్టు గోడ మీద ఆయన సున్నంతో పెట్టిన గుర్తు మాత్రం ఇంకా ఉంది. చెరిపేముందు, పాత కేబుల్ వేగంతో కూడా ఆ 4 ఎంబీ కంప్యూటర్‌లోకి దించుకోవడానికి పట్టేది ఆరు నిమిషాలు.