బ్లూ మూన్ అల్లుడు

బీదర్ దగ్గర చిమ్కోడ్‌లో అత్తారింటి గడప ముందు చెప్పులు విడిచీ విడవకముందే మా బామ్మర్ది, "ఏం బావా, వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ వస్తావు!" అంటాడు. వాడిది ఇంగ్లీషు మీడియం. మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడరు. తలుపు చాటు నుంచి కొడుక్కి చెప్పినట్టు, "మీ బావ ఇట్ల అమావాస్యకో పున్నానికో కనబడితే ఎట్లరా?" అంటారు.

ఇద్దరి ఫిర్యాదూ ఒకటే, లెక్కే తేడా. అమావాస్యకీ పున్నానికీ అంటే ఏడాదికి పాతిక సార్లు. హైదరాబాదు నుంచి జహీరాబాద్ మీదుగా నిజంగా పాతిక సార్లు దిగబడితే, ఇల్లరికం వచ్చాడేమోనని ఊరంతా అడగదూ? అందుకే నా ఓటు బ్లూ మూన్‌కి. అది మామూలుగా రెండున్నరేళ్లు దాటితే గాని రాదు.

చంద్రుడు నీలంగా ఏమీ ఉండడు లెండి. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం బద్దలై ఆకాశమంతా ధూళి కమ్మినప్పుడు మాత్రం అలా కనిపించాడట. ఒకే ఇంగ్లీషు నెలలో వచ్చే రెండో పున్నమికి ఆ పేరు రావడం ఒక పొరపాటు. 1946లో స్కై అండ్ టెలిస్కోప్ పత్రికలో ఒకాయన పాత పంచాంగాన్ని తప్పుగా చదివి రాశాడు. పత్రిక 1999లో తప్పు ఒప్పుకుంది. అప్పటికే లోకమంతా దానికి అలవాటు పడిపోయింది. మన సిద్ధాంతిగారైతే ఒప్పుకునేవారా?

అసలు ఇది మన అధికమాసానికి మేనత్త కొడుకు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు, సూర్యుడిది 365. ఆ పదకొండు రోజుల బాకీ పేరుకుపోతే మనకో నెల ఎక్కువొస్తుంది, వాళ్లకో పున్నమి. 2026 మే 31న రెండూ ఒకే రోజు. అధిక జ్యేష్ఠ పున్నమే బ్లూ మూన్.

అధికమాసంలో అల్లుణ్ణి పిలిచి 33 అనరసాలు పెట్టడం మరాఠీ ఇళ్ల ఆచారం. సరిహద్దు దగ్గరే కాబట్టి మా అత్తగారింట్లోకీ వచ్చేసింది. మన అరిసెలకు పాకం పట్టాలి. వీటికి అక్కర్లేదు. నానబెట్టి దంచిన బియ్యప్పిండిలో బెల్లం కలిపి కొన్నాళ్లు ఊరబెట్టి, గసగసాలు అద్ది నేతిలో వేస్తారు. పైన జల్లెడలా చిల్లులు పడితేనే కుదిరినట్టు. ఆ చిల్లుల్లో నిలిచిన నెయ్యి కోసమైనా రావచ్చు.

అందుకే ఈసారి తలుపు వైపు చూస్తూ బామ్మర్దితో అన్నాను: "పున్నానికోసారే వస్తానని అమ్మకు చెప్పు. ఏ పున్నమో మాత్రం పంచాంగం చూసి నేను చెప్తా."

లోపలి నుంచి జవాబు లేదు. పళ్లెం మాత్రం వచ్చింది. వాడు పక్కన కూర్చుని నేను తింటున్నవి ఇంగ్లీషులో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.