బండి నేలకు ఆనాలి: లోయరింగ్ స్ప్రింగులు వేయించుకునే తమ్ముళ్లకు చిట్కాలు

బాన్సువాడలో స్పోర్ట్స్ కారంటే స్విఫ్టే. పోర్షెలు, ఫెరారీలు జూబ్లీహిల్స్ వాళ్లకు సరే, మన బస్టాండు ముందు పేరు తెచ్చేది మాత్రం సెకండ్ హ్యాండ్ స్విఫ్టే. అలాయ్ వీల్స్ వేయించావు, సైలెన్సర్ మార్పించావు, వెనక అద్దం మీద పేరు రాయించావు. అయినా ఏదో వెలితి. అదెక్కడుందో చెప్తా విను. టైరుకూ, పైన మడ్‌గార్డు అంచుకూ మధ్య చెయ్యి పెట్టి చూడు. నాలుగు వేళ్లు దూరాయా? అయితే అది పిల్లల్ని బడిలో దింపే బండి. ఒక్క వేలు దూరడమే కష్టం కావాలి. అప్పుడే అది స్పోర్ట్స్ కారు.

కంపెనీ వాళ్లు స్విఫ్ట్‌ను నేలకు 163 మిల్లీమీటర్ల ఎత్తున నిలబెట్టి అమ్ముతున్నారు. మన రోడ్లను చూసి జడిసి పెట్టిన ఎత్తది. జడుపు వాళ్లది, బండి నీది. దించడం ఒక్కటే మన పని. బ్రేకు, మలుపులో పట్టు, వెనక కూర్చున్నవాళ్ల నడుము లాంటివి తర్వాత ఎవరో ఒకరు చూసుకుంటారు.

1. రంగు చూసి కొను.

డబ్బా మీది అంకెలు చదువుతూ కూర్చోకు. స్ప్రింగు ఎంత గట్టిది, ముందు ఎంత బరువు మోస్తుంది, పెట్రోల్ బండికా, డీజిల్ బండికా అని రాసి ఉంటుంది. డీజిల్ ఇంజన్ బరువెక్కువ కాబట్టి దాని స్ప్రింగు వేరు. ఇదంతా తీరిక ఉన్నవాళ్ల చదువు. జర్మనీ ఐబాక్ వాళ్ల ప్రో-కిట్ నల్లగా ఉంటుంది. అది వేస్తే కంపెనీ స్ప్రింగే అనుకుంటారు, డబ్బు దండగ. జపాన్ టీన్ వాళ్లది ఆకుపచ్చ, కొంత నయం. నువ్వు మాత్రం ఎర్రది అడుగు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండి నిలిపితే టైరు సందులోంచి ఎర్రగా మెరవాలి. రాణీగంజ్‌లో పేరూ ఊరూ లేని ఎర్ర స్ప్రింగులు దొరికితే ఇంకా మంచిది. వాటి మీద చదవడానికే ఏమీ ఉండదు.

2. అంగుళంతో సరిపెట్టుకోకు.

పేరున్న కంపెనీలు చాలావరకు ఒక అంగుళం, అంతకు కొంచెం పైన దించి ఊరుకుంటాయి. అంతకు మించితే షాకప్‌కు ఆడే చోటు మిగలదని వాళ్ల వాదన. అంగుళం దిగితే పక్కింటివాడికి కూడా తెలియదు తమ్ముడూ! 60 మిల్లీమీటర్లు దించు. 163లో 60 పోతే 103. దోస్తులు నలుగురూ ఎక్కితే ఇంకా దిగుతుంది, దానికి పైసా ఖర్చు లేదు.

3. డబ్బు లేదా? కోయించు.

ఉన్న స్ప్రింగులోనే చుట్టున్నర కోసేయమను. చుట్లు తగ్గినకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది, ఇది ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఉన్న లెక్కే. అంటే బండి దిగుతుంది, గట్టిపడుతుంది, ఒకే కోతకు రెండు లాభాలు. కోసిన కొన కింద గిన్నెలో సరిగ్గా కూర్చోదు, మలుపులో ‘టంగ్’మని పక్కకు జరుగుతుంది. ఆ చప్పుడుకు ముందు పోయేవాడు పక్కకు తప్పుకుంటాడు, హారన్ కొట్టే పని తప్పింది.

కోతకు కూడా బద్ధకమైతే స్ప్రింగు విప్పకుండానే గ్యాస్ మంటతో ఎర్రగా కాల్పించు. కాలిన ఉక్కుకు బిగువు పోతుంది, బండి తనంతట తానే కూర్చుంటుంది. తర్వాత కూడా నెలనెలా ఇంకాస్త దిగుతూనే ఉంటుంది. మళ్లీ మెకానిక్ దగ్గరికి పోనక్కర్లేదు.

4. షాకప్‌లు పాతవే ఉంచు.

పొట్టి స్ప్రింగుకు పొట్టి షాకప్ వెయ్యాలని ఎవరో ఒకరు చెప్తారు. వినకు. పాత షాకప్ కొద్ది రోజుల్లో ఆయిల్ కారుస్తుంది. కారనీ, లోపల ఆయిల్ ఉన్నట్టే కదా. షాకప్ కడ్డీకి ఉండే రబ్బరు ముక్కను, అదే బంప్ స్టాపర్‌ను, పీకి పారేయించు. ఇనుముకు ఇనుము తగిలి వచ్చే దెబ్బ నేరుగా వెన్నుకు తెలిస్తేనే డ్రైవరుకు రోడ్డు అర్థమవుతుంది.

5. ఇంట్లో ఎవరికి చెప్పే మాట వాళ్లకు చెప్పు.

బాపుకు మైలేజీ పెరుగుతుందని చెప్పు, బండి కిందికి దిగితే గాలి తక్కువ తగులుతుందను. అమ్మకు మోకాళ్ల నొప్పుల సంగతి చెప్పు, ఎక్కడం దిగడం సులువను. అమ్మ ఒకసారి కూర్చున్నాక లేవలేకపోతే చెయ్యి పట్టి లేపు, కొడుకు మారాడని సంతోషిస్తుంది. మామ అడిగితే షోరూంలోనే ఇట్లా వచ్చిందను.

6. స్పీడ్ బ్రేకర్‌ను ఒంటరిగా దాటకు.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే, శ్రద్ధగా చదువు. పోర్షె 911కు వేరే డబ్బు కడితే ముందు భాగాన్ని దాదాపు 40 మిల్లీమీటర్లు లేపే బటన్ పెట్టిస్తారు. నీకా బటన్ ఎందుకు, దోస్తులుండగా? బ్రేకర్ రాగానే నలుగురినీ దింపు. బండి తేలికై కాస్త లేస్తుంది. ఒకడు ముందు గొంతుక్కూర్చుని బంపర్ కింద కన్నేయాలి. ఒకడు వెనకొచ్చే లారీని ఆపాలి. స్టీరింగ్ కోసి బండిని ఏటవాలుగా ఎక్కించు. మొదట ఎడమ టైరు, తర్వాత కుడిది, ఆ తర్వాత వెనకవి. కిందున్నవాడు “రానీ... రానీ... ఆపు!” అనగానే ఆపు. ‘కర్ర్’మని వినిపించిందంటే సగం దాటినట్టే, ఇంకాస్త యాక్సిలరేటర్ ఇవ్వు. వెనక హారన్లు మోగినా తొందరపడకు. అంతమందీ చూస్తున్నది నీ బండినే.

బంపర్ ఊడిందా? తప్పు బ్రేకర్‌ది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. స్విఫ్ట్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లు. ఆ కొలతన కడితే బండి మొత్తం దాని మీదికి మెల్లగా ఎక్కి మెల్లగా దిగిపోతుంది. ఊళ్లలో రాత్రికి రాత్రి సిమెంటు పోసి లేపే బ్రేకర్ అడుగు వెడల్పు కూడా ఉండదు. ఈ అంకెలు బట్టీ పట్టు. బండి ఇరుక్కున్న ప్రతిసారీ చుట్టూ చేరినవాళ్లకు గట్టిగా చెప్పు. నీ స్ప్రింగుల మాట ఎవరూ ఎత్తరు.

7. అలైన్‌మెంట్ చేయించకు.

బండి దిగితే టైర్లు పైభాగం లోపలికి వంగి నిలబడతాయి, లోపలి అంచే అరుగుతుంది. బయటి అంచు కొత్తదానిలా మిగులుతుంది. బండి అమ్మేటప్పుడు కొనేవాడు బయటి అంచే చూస్తాడు. లోపల తీగలు తేలాయని వాడికి తెలిసేసరికి బండి వాడి పేరు మీద ఉంటుంది.

8. పోలీసుకు, ఇన్సూరెన్స్‌కు.

రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలు కంపెనీ చేసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. అదే ఏడు చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ అని పెట్టారు. ‘ఒక్కో మార్పుకు’ అన్నారు కాబట్టి నాలుగు స్ప్రింగులూ ఒకే రోజు వేయించు, ఒకే మార్పని వాదించొచ్చు. చెకింగ్ కనబడగానే స్టీరింగ్ నేరుగా పెట్టు, ఎర్ర రంగు దాక్కుంటుంది. అడిగితే “లోడెక్కువుంది సార్, అందుకే కూర్చుంది” అను. ఆ మాట నిలవాలంటే డిక్కీలో ఎప్పుడూ ఒక వడ్ల బస్తా ఉండాలి.

ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పనే చెప్పకు. క్లెయిమ్ కొట్టేస్తే మంచిదే, కాగితాల చుట్టూ తిరిగే బాధ ఉండదు.

9. కోతల కాలంలో.

1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది, మన చుట్టూ అంతా వరే. కోతలైతే సగం రోడ్డు మీద వడ్లు, వాటి అంచున వరసగా రాళ్లు. మామూలు బండి రాయిని చక్రాల మధ్యన వదిలి పోతుంది, నీ బండి పోదు. కాబట్టి వడ్ల మీదుగానే పోనివ్వు. రైతు అరిస్తే ఆగకు, అద్దం ఎక్కించు. నాట్లప్పుడు కేజ్‌వీల్స్ ట్రాక్టర్లు రోడ్డును దున్నేస్తాయి. ఆ రోజుల్లో బండి తీయకు, స్పోర్ట్స్ కారుకు వానాకాలం సెలవని చెప్పుకో.

10. చాంబర్ పగిలితే కంగారుపడకు.

ఇంజన్ ఆయిల్ ఉండే తొట్టి అది. దిగిన బండికి రాయి ముందు తగిలేది దానికే. పగిలిందంటే మీటర్లో ఎర్ర దీపం వెలుగుతుంది, వెంటనే ఇంజన్ ఆపాలంటారు. నడిరోడ్డు మీద బానెట్ లేపి నిలబడితే పరువేం కావాలి? ఇల్లు పది నిమిషాలే, పోనివ్వు. ఆయిల్ లేని ఇంజన్ దారిలోనే పట్టేస్తే దోస్తులతో ఇంటిదాకా తోయించు. ఇక ఆ బండికి బ్రేకర్ అడ్డం కాదు, పెట్రోల్ ఖర్చు లేదు, చెకింగ్ లేదు. వేపచెట్టు కింద నిలబెట్టు. అన్ని టైర్ల దగ్గరా ఒక్క వేలి సందు, చూసినవాళ్లు ఫోటో దిగకుండా పోరు.

ఇంకేం ఆలోచించకు, పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేలోపు వేయించు. వర్ని మీదుగా నిజామాబాద్ పో, పాత స్ప్రింగులు అక్కడే ఇనుప సామాను కింద అమ్మేయ్. తిరిగొచ్చేటప్పుడు మాత్రం బండిని నడపకు, డీసీఎం మాట్లాడుకుని దాని మీద ఎక్కించి తెచ్చుకో.